లేని సర్టిఫికెట్‌ను ప్రపోజల్‌లో రాయమంటున్నారు, ఏం చెయ్యాలి?

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం సారాంశం ఇది. వయసు 31. రోజూ రైల్లో విజయవాడ వెళ్లి, 18 మంది ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నారు. నాలుగేళ్లు టెస్టర్‌గా చేశాక, ఏడాదిన్నర కిందట హోదా ‘బిజినెస్ ఎనలిస్ట్’ (క్లయింటుకు ఏం కావాలో తెలుసుకుని రాసే పని) అయింది. ట్రైనింగ్ అంటూ ఏమీ ఇవ్వలేదు. మొదటి పెద్ద పని, గుంటూరు శివార్లలో మూడు కోల్డ్ స్టోరేజీలున్న ఒక కుటుంబానికి మిర్చి నిల్వల సాఫ్ట్‌వేర్. ఐ ట్రిపుల్‌ఈ 830 (సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో చెప్పే రిక్వైర్‌మెంట్ పత్రానికి పాత ప్రమాణం) పేరుతో నెట్‌లో దొరికిన టెంప్లేట్ పట్టుకుని 64 పేజీల డాక్యుమెంట్ రాశారు. యజమాని చివరి పేజీలో సంతకం పెట్టారు. టెస్టింగ్‌లో అన్నీ పాసయ్యాయి.

వేసవి సెలవుల తర్వాత యార్డు తెరిచిన వారంలో గేటు దగ్గర లారీలు ఆగిపోయాయి. రైతు సరుకు అమ్మేసి, బాండు (కోల్డ్ స్టోరేజీ ఇచ్చే నిల్వ రసీదు) వ్యాపారి పేరుకు మారినా, రైతు పేరు మీద నిరుటి బకాయి ఉందని సిస్టమ్ గేట్ పాస్ ఇవ్వలేదు. ‘మేం చెప్పింది ఇది కాదు’ అన్నారు యజమాని. ‘సంతకం పెట్టారు కదండీ’ అన్నారు కంపెనీ ఎండీ. మధ్యలో తప్పంతా ఈమె మీద పడింది. గుమస్తా గారు మళ్లీ పాత చిట్టా తెరిచారు.

ఇంతలో మిర్చి ఎగుమతి చేసే ఇంకో సంస్థ ప్రపోజల్ అడిగింది. ‘రిక్వైర్‌మెంట్ పత్రాలు ఐఎస్‌ఓ/ఐఈసీ/ఐ ట్రిపుల్‌ఈ 29148కి అనుగుణంగా ఉండాలి’ అని అందులో ఒక వాక్యం. ‘మనకి గోడ మీద 9001 సర్టిఫికెట్ ఉంది కదమ్మా, 29148 సర్టిఫైడ్ అని కూడా రాసెయ్, ఎవరు చూస్తారు’ అన్నారట ఎండీ. ప్రపోజల్ మీద ‘తయారుచేసినవారు’ అన్నచోట ఉండేది ఈమె పేరు. హైదరాబాద్‌లో ఉన్న మరిది మాత్రం ‘అవన్నీ ఎందుకు వదినా, సీబీఏపీ చేసెయ్యండి, ఇంకెవరూ ప్రశ్నించరు’ అంటున్నారు (సీబీఏపీ బిజినెస్ ఎనలిస్టులకిచ్చే ఒక సర్టిఫికెట్). ఈమె అడుగుతున్నవి మూడు: ఎండీ గారికి ఏం చెప్పాలి, ఏది చదవాలి, కోల్డ్ స్టోరేజీలో జరిగినదానిలో తప్పు తనదేనా.

సమాధానం:

ముందు ప్రపోజల్ సంగతి, ఎందుకంటే దానికి గడువు ఉంది.

ఐఎస్‌ఓ సంస్థ తానుగా ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. ప్రమాణం రాసి ప్రచురించడం వరకే దాని పని. మీ గోడ మీదున్న 9001 లాంటివాటికి బయటి సర్టిఫికేషన్ సంస్థలు ఆడిట్ చేసి పత్రం ఇస్తాయి. అది కుదిరేది 9001 (నాణ్యత), 27001 (సమాచార భద్రత) మేనేజ్‌మెంట్ సిస్టమ్ ప్రమాణాలు కాబట్టి. కంపెనీ నడిచే తీరునే అవి పరిశీలిస్తాయి. 29148 ఆ జాతిది కాదు. రిక్వైర్‌మెంట్లు ఎలా సేకరించాలి, ఎలా రాయాలి, ఏ పత్రంలో ఏముండాలి అని చెప్పే ఇంజనీరింగ్ ప్రమాణం అది. దాన్ని పాటించామని ఒక ప్రాజెక్టు గురించో, ఒక పత్రం గురించో చెప్పుకోవచ్చు. ‘మా కంపెనీ 29148 సర్టిఫైడ్’ అంటే, విషయం తెలిసినవాడు మొదటి పేజీలోనే ప్రపోజల్ మూసేస్తాడు. ఎగుమతి సంస్థలకు విదేశీ కొనుగోలుదారుల ఆడిట్లు మామూలే. పత్రం చూపించమని అడగడం వాళ్లకు అలవాటు. ‘ఎవరు చూస్తారు’ అనేమాట ఇక్కడ నిలబడదు.

మీ ముందు మూడు దారులున్నాయి. ఎండీ గారు చెప్పినట్టే రాసేయడం ఒకటి. ఆ రోజుకి ఇంట్లో, ఆఫీసులో గొడవ ఉండదు. కానీ ప్రపోజల్ తర్వాత ఒప్పందంలో భాగమైతే, లేనిది ఉందని రాసింది కంపెనీ అవుతుంది, తయారుచేసింది మీరవుతారు. రెండోది, ఆ వాక్యం దగ్గర మౌనంగా ఉండిపోవడం. తప్పు రాసినట్టు కాదు గానీ, వాళ్లు అడిగిన షరతుకు జవాబు లేదని పక్కన పెట్టే ప్రమాదం ఉంది. మూడోది, నిజంగా చేయగలిగిన దాన్ని ఖచ్చితంగా రాయడం. ఉదాహరణకు ఇలా:

‘ఈ ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్ రిక్వైర్‌మెంట్స్ స్పెసిఫికేషన్‌ను 29148:2018లో ఆ పత్రానికి చెప్పిన అంశాలను అనుసరించి తయారుచేస్తాం. ఈ ప్రాజెక్టుకు వర్తించని అంశాలు, వాటిని వదిలేయడానికి కారణాలు అనుబంధంలో ఉన్నాయి. ఇది కంపెనీకి సంబంధించిన సర్టిఫికేషన్ ప్రకటన కాదు.’

అవసరానికి తగ్గట్టు కుదించుకోవడానికి ప్రమాణమే చోటిస్తుంది. దాన్ని టైలరింగ్ అంటారు. కాబట్టి అనుబంధంలో ‘ఇది వదిలేశాం’ అని రాస్తే మీకు చిన్నతనం ఏమీ కాదు. నిజానికి ఆ అనుబంధమే మీరు పుస్తకం తెరిచి చూశారనడానికి రుజువు. ఇంకో మాట, సంవత్సరం తప్పకుండా వెయ్యండి. 29148 మొదట 2011లో వచ్చింది, 2018లో మారింది. మీరు వాడిన 830 చివరి కూర్పు 1998 నాటిది. దాని స్థానంలోకి వచ్చినదే 29148. టెంప్లేట్ వల్ల మీరు మునిగిపోలేదు, దాని అస్థిపంజరం చాలావరకు కొత్తదానిలోనూ ఉంది. కాకపోతే 29148 అడుగుతున్న క్లయింటుకు 830 అని రాసి ఉన్న పత్రం పంపకండి.

ప్రపోజల్ పంపేముందు క్లయింటుకు ఒక మెయిల్ పెట్టడానికి ఎండీ గారిని ఒప్పించండి: ‘అనుగుణంగా అంటే మీరు ఆశిస్తున్నది పత్రం స్వరూపమా, మేం పనిచేసే పద్ధతా, రెండూనా? ఎవరు సరిచూస్తారు?’ ఇలాంటి వాక్యాలు చాలాసార్లు పాత టెండరు నుంచి కాపీ కొట్టినవే అయివుంటాయి, అడిగితే తేలిపోతుంది. ఎండీ గారితో ‘ఇది అబద్ధం సార్’ అని మొదలుపెడితే మాట పెరుగుతుంది. ‘సార్, ఆ సర్టిఫికెట్ చూపించమంటే మన దగ్గర ఏముంది? ఇలా రాస్తే చూపించడానికి పత్రం ఉంటుంది’ అంటే వినే అవకాశం ఎక్కువ. అయినా వినకపోతే, మీరు రాసిచ్చిన వాక్యాలను మెయిల్‌లో పంపి, తయారుచేసినవారి పేరు మార్చమని అడగండి. ఆ మెయిల్ ఉద్యోగాన్ని కాపాడుతుందని హామీ లేదు. మీ పేరును మాత్రం కాపాడుతుంది.

ఇక కోల్డ్ స్టోరేజీ. మీ పత్రంలో 4.3.7 అంశాన్ని ఉత్తరంలో ఎత్తి రాశారు, మంచిపని చేశారు. అది ఇదీ: ‘సరుకు విడుదల సమయంలో బకాయిలు చూసుకుని, వీలైనంత త్వరగా, సులభంగా సిస్టమ్ గేట్ పాస్ ఇవ్వాలి.’

యజమాని మీతో అన్నమాట యథాతథంగా దించారని చదివితేనే తెలుస్తోంది. చిక్కంతా అక్కడే. ఒక్కొక్క రిక్వైర్‌మెంట్‌కు ఉండాల్సిన లక్షణాలు 29148 తొమ్మిది చెబుతుంది. అందులో ఒకటి, ఒక వాక్యం ఒక్క విషయమే చెప్పాలని. మీ వాక్యంలో మూడున్నాయి: బకాయి తనిఖీ, వేగం, వాడటంలో సౌలభ్యం. ‘వీలైనంత’ అనేది తప్పించుకునే కిటికీ. కాకపోతే ‘వీలు కాలేదు’ అనొచ్చు. ‘సులభంగా’ ఎవరికి? ఇరవై ఏళ్లుగా చిట్టా రాస్తున్న గుమస్తా గారికా, కొత్తగా చేరిన కుర్రాడికా? ఇలాంటి మాటలు వాడొద్దని ప్రమాణంలో జాబితాయే ఉంది. ఇవన్నీ వ్యాకరణం దిద్దినట్టు దిద్దొచ్చు.

లారీల్ని ఆపింది ఆ మాటలు కావు, ‘బకాయిలు’ అన్న ఒక్క మాట. రైతు పేరు మీద ఉన్న బకాయా, ఆ లాటు (ఒకేసారి నిల్వకు పెట్టిన సరుకు) మీద ఉన్న బకాయా? ఈ సీజన్ అద్దె ఒక్కటేనా, నిరుడు వేరే లాటుకు మిగిలింది కూడానా? హమాలీ కలుస్తుందా? బాండు బ్యాంకులో తాకట్టు పెట్టి లోను తీసుకుని ఉంటే అది బకాయి కిందకు వస్తుందా, వేరే సంగతా? యజమానికి ఇవన్నీ తెలుసు, అందుకే చెప్పలేదు. మీకు తెలియవు, అందుకే అడగలేదు. డెవలపర్ ముందు రైతు ఖాతా నిల్వ అనే ఒక అంకె ఉంది, దాన్నే బకాయి అనుకున్నాడు. ముగ్గురూ ఒకే మాట చదివి, ముగ్గురూ ఔనన్నారు.

దాన్ని విడగొడితే ఇలా ఉంటుంది. అంకెలు నమూనాకే, మీరు యజమానితో కూర్చుని తేల్చుకోవాలి.

గేట్-01: లాటు బకాయిని సిస్టమ్ ఆ లాటు నంబరు మీద నమోదైన అద్దె, హమాలీ పద్దుల నుంచి మాత్రమే లెక్కించాలి.

గేట్-02: లాటు బకాయి సున్నా అయినప్పుడు సిస్టమ్ ప్రస్తుత బాండుదారు పేరుతో గేట్ పాస్ జారీ చేయాలి.

గేట్-03: బాండు బ్యాంకు తాకట్టులో ఉంటే, బ్యాంకు విడుదల లేఖ నంబరు, తేదీ నమోదయ్యేవరకు సిస్టమ్ గేట్ పాస్‌ను నిలిపి ఉంచాలి.

గేట్-04: లాటు బకాయి ఉన్నా, యజమాని లాగిన్‌తో కారణం నమోదు చేసి ఆమోదిస్తే సిస్టమ్ గేట్ పాస్ జారీ చేయాలి.

గేట్-05: 20 లాట్ల వరకు ఉన్న డెలివరీ ఆర్డరుకు, 100 సార్లలో 95 సార్లు, బటన్ నొక్కిన 5 సెకన్లలోపు గేట్ పాస్ తెర మీదకు రావాలి.

ఇప్పుడు 02నీ 03నీ పక్కపక్కన పెట్టి చదవండి. బకాయి సున్నా, కానీ తాకట్టు ఉంది. పాస్ ఇవ్వాలా, ఆపాలా? రెండూ ఢీకొంటున్నాయి. విడివిడిగా చూస్తే రెండూ మంచి వాక్యాలే. అందుకే ప్రమాణం విడి వాక్యాలకు ఒక కొలత, మొత్తం కట్టకు ఇంకో కొలత పెట్టింది: కట్టలో ఒకదానితో ఒకటి పొసగాలి. ఇక్కడ 02లో ‘తాకట్టు లేని బాండుకు’ అన్న షరతు చేర్చాలి. 04తో యజమాని తాకట్టునూ దాటవేయగలరా అనేది ఇంకో ప్రశ్న. ‘దాటవేయకూడదు’ అని మీరే ఊహించి రాయకండి, అడగండి.

ప్రతి వాక్యం పక్కన నాలుగు గడులు ఉంచండి: ఎవరు చెప్పారు, ఎందుకు, ఎంత ముఖ్యం, ఎలా తనిఖీ చేస్తాం. ‘ఎందుకు’ అన్న గడిని అందరూ ఖాళీగా వదిలేస్తారు, అదే తర్వాత ఆదుకునేది. గేట్-04కు కారణం ‘పాత ఖాతాదారులకు యజమాని మాట మీద సరుకు వదిలే ఆనవాయితీ ఉంది’ అని ఉంటే, ఆరు నెలల తర్వాత ‘ఇది అనవసరం’ అని ఏ డెవలపరూ తీసెయ్యడు. తనిఖీ గడిలో నాలుగే మాటలు వస్తాయి: కంటితో పరిశీలన, లెక్కకట్టి విశ్లేషణ, చేసి చూపించడం, పరీక్ష. ఏదీ రాయలేకపోతున్నారంటే ఆ వాక్యం ఇంకా పచ్చిగా ఉన్నట్టు.

ఒక పక్క మాట, తెలుగువాళ్లకే వచ్చే చిక్కు. యజమాని ‘ఇవ్వాలండీ’ అంటారు. మన ‘ఆలి’ ప్రత్యయంలో ఆజ్ఞ ఉంది, కోరికా ఉంది. ఏదో గొంతును బట్టి తెలుస్తుంది, కాగితం మీద గొంతు ఉండదు. దాన్ని ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు చేతికి ముందు వచ్చేది ‘షుడ్’. 29148 లెక్కలో ‘షల్’ అంటే తప్పనిసరి, ‘షుడ్’ అంటే ఉంటే మంచిది, ‘మే’ అంటే అనుమతి, ‘విల్’ అంటే జరగబోయేదాని ప్రస్తావన. మీ 64 పేజీల్లో ‘షుడ్’ ఎన్నిసార్లు వచ్చిందో ఒకసారి వెతికి చూడండి. ఆ ప్రమాణం ప్రకారమే చదివితే, అవన్నీ చేయకపోయినా పరవాలేదని మీరు రాసిచ్చినట్టు. ఎగుమతి సంస్థ పత్రంలో మొదటి పేజీలోనే ఈ నాలుగు మాటలకూ అర్థం నిర్ణయించి రాయండి. సమావేశంలో మాత్రం తెలుగులోనే అడగండి: ‘ఇది లేకపోతే పని ఆగిపోతుందా, ఆలస్యమవుతుందా అంతేనా?’

తప్పు మీదేనా అన్నారు. కొంత మీది. కానీ మీరు అనుకుంటున్న చోట కాదు. రాసినదాన్ని బట్టి కట్టారా అని చూడటం వెరిఫికేషన్. రాసింది వాళ్లకు కావలసినదేనా అని చూడటం వాలిడేషన్. నాలుగేళ్ల టెస్టింగ్ అనుభవంతో మొదటిది బాగా చేశారు. రెండోదాని స్థానంలో సంతకం పెట్టించారు. 64 ఇంగ్లిష్ పేజీల కింద సంతకం అంటే చదివారని కాదు, మీ మీద నమ్మకం ఉందని. ఎండీ గారి వాటా కూడా ఉంది. మీ గోడ మీదున్న 9001:2015లోనే 8.2.3 అంశం ఒకటుంది. ఒప్పుకునేముందు కంపెనీ సమీక్షించాల్సినవాటిలో, క్లయింటు నోటితో చెప్పకపోయినా వాడకానికి అవసరమని తెలిసిన అవసరాలూ ఉండాలని అది చెబుతుంది. గుంటూరులో బాండు చేతులు మారుతుందన్నది రహస్యం కాదు. ఆ సమీక్ష ఒక మనిషి, అందులోనూ శిక్షణ లేని మనిషి, ఒంటరిగా చేసేది కాదు. ఈ మాటను గొడవకు వాడకండి, తర్వాతి ప్రాజెక్టుకు ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టమని అడగడానికి వాడండి.

ఏం చదవాలి అంటే, 18 మంది కంపెనీకి అన్ని ప్రమాణాలూ అక్కర్లేదు. 29148 ఒకటి కంపెనీ చేత కొనిపించండి. దొంగ పీడీఎఫ్‌లు వద్దు. వాటిలో పాత 2011 కూర్పూ ఉండొచ్చు. కొనేలోపు ఐఎస్‌ఓ సైట్‌లోని ఆన్‌లైన్ బ్రౌజింగ్ ప్లాట్‌ఫామ్‌లో పరిధి, నిర్వచనాలు ఉచితంగా చదవొచ్చు. మీ సైజుకు అసలు సరిపోయేది 29110. 25 మంది వరకు ఉన్న చిన్న సంస్థల కోసమే రాసిన వరుస అది. అందులో బేసిక్ ప్రొఫైల్ రెండే ప్రక్రియలు అడుగుతుంది: ప్రాజెక్టు నిర్వహణ, సాఫ్ట్‌వేర్ తయారీ. సాఫ్ట్‌వేర్ పనులన్నింటికీ ప్రక్రియలు చెప్పే పూర్తిస్థాయి 12207ను మీ కంపెనీ నెత్తిన పెడితే రాసేవాళ్లు తప్ప కోడ్ చేసేవాళ్లు మిగలరు.

వేగం, భద్రత, వాడుక లాంటి గుణాలు మరిచిపోకుండా ఉండటానికి సాఫ్ట్‌వేర్ నాణ్యత గుణాల ప్రమాణం 25010ను ఒక చెక్‌లిస్టులా దగ్గర పెట్టుకోండి. 2011 కూర్పులో ఎనిమిది గుణాలు, 2023లో తొమ్మిది. సేఫ్టీ కొత్తగా చేరింది, ఒకటి రెండు పేర్లు మారాయి. గేట్ పాస్ ప్రవాహాన్ని బొమ్మ గీయడానికి బీపీఎంఎన్ అనే గుర్తుల పద్ధతి చాలు. అది కూడా ఐఎస్‌ఓ ప్రమాణమే, 19510, 2013 నాటిది. అందులో గుర్తులు చాలా ఉన్నాయి. గుమస్తా గారి ముందు పెట్టే బొమ్మలో మొదలు, చివర, పని, నిర్ణయం, ఎవరి పని వాళ్ల వరుసలో చూపే గీత, ఈ ఐదు దాటనివ్వకండి.

మీ మరిది గారి సలహా మీద. సీబీఏపీ ఇచ్చేది ఐఐబీఏ అనే వృత్తి సంఘం, దాని ఆధారం వాళ్ల బాబోక్ గైడ్. మూడో కూర్పు 2015లో వచ్చింది. మంచి పుస్తకమే, కానీ ఐఎస్‌ఓ ప్రమాణం కాదు, 29148 అడిగిన క్లయింటుకు అది జవాబూ కాదు. పైగా సీబీఏపీకి గత పదేళ్లలో 7,500 గంటల ఎనలిస్ట్ పని చూపాలి. మీ ఏడాదిన్నరలో ప్రతి గంటనూ లెక్కేసినా మూడు వేలకు మించదు, టెస్టింగ్ గంటలను అందులో కలపడం కుదరదు. దాని కింది మెట్టు సీసీబీఏకు 3,750 గంటలు, అది ఏడాది తర్వాత మాట. ఇప్పుడు అందుబాటులో ఉన్నవి రెండు, రెండింటికీ అనుభవం షరతు లేదు. ఐఐబీఏ వారి ఈసీబీఏ మొత్తం వృత్తిని పైపైన పరిచయం చేస్తుంది. ఐఆర్‌ఈబీ (రిక్వైర్‌మెంట్ల ఇంజనీరింగ్ బోర్డు) వారి సీపీఆర్‌ఈ ఫౌండేషన్ రిక్వైర్‌మెంట్లు సేకరించడం, రాయడం, సరిచూడటం మీదే ఉంటుంది. ఉద్యోగం మారాలనుకుంటే ఈసీబీఏ పేరు మన రిక్రూటర్లకు ఎక్కువ తెలుసు. ఉన్నచోటే పని బాగుపడాలంటే సీపీఆర్‌ఈ మీకు దగ్గరది. ఫీజు కట్టేముందు షరతులు ఆయా సైట్లలో ఒకసారి చూసుకోండి, అవి మారుతుంటాయి.

ఇవన్నీ మొదలుపెట్టకముందే చేయదగ్గ పని ఒకటుంది. గుమస్తా గారు మళ్లీ చిట్టా తెరిచారని అవమానంగా రాశారు. సిస్టమ్ వచ్చాక ఆ చిట్టాలో ఎక్కిన ప్రతి పద్దూ సిస్టమ్ చేయలేకపోయిన ఒక సందర్భం. ఒక శనివారం వెళ్లి, ఆయన అనుమతితో ఆ పేజీలు ఫోటో తీసుకోండి. రైతుల పేర్లు చెరిపేసి లాటు నంబర్లు మాత్రం ఉంచండి. ఒక్కో పద్దు దగ్గర ‘ఇది కంప్యూటర్‌లో ఎందుకు ఎక్కించలేదండీ?’ అని అడిగి, ఆయన జవాబు ఆయన మాటల్లోనే రాసుకోండి. బాండు బదిలీ, సగం లాటు విడుదల, తడిసిన టిక్కీలు (మిర్చి బస్తాలు) వేరు చేయడం, పేరు ఒకటి ఊరు వేరు, ఇలా నాలుగైదు కుప్పలుగా విడిపోతాయి. ఒక్కో కుప్ప నుంచి ఒక నిజమైన పద్దు తీసుకుని, పైన గేట్-01 నుంచి 05 వరకు రాసినట్టు రాసి, యజమాని దగ్గరకు 64 పేజీలు కాకుండా ఆ రెండు పేజీలు పట్టుకెళ్లండి. ‘ఈ లాటు, ఈ తేదీ, ఈ లారీ. ఇప్పుడు సిస్టమ్ ఏం చెయ్యాలండీ?’ అని అడగండి. గుమస్తా గారు కూడా ఆ గదిలో ఉండేలా చూడండి.